పెద్దమ్మ అడిగిన మాట

పోయిన ఆదివారం మా కాలనీలో ఎదురింటివాళ్ళ అమ్మాయి కాన్పయి, ఆసుపత్రి నుంచి పాపతో పుట్టింటికి వచ్చిందని తెలిసి చూడబోయాను. హాలు నిండా చుట్టాలు. పాపది తాతగారి ముక్కని ఒకరంటే, కాదు మేనత్త నుదురని ఇంకొకరు వాదిస్తున్నారు; ఫోన్లో అవతలి ఊళ్ళవాళ్ళకు పాప కాళ్ళూ చేతులూ చూపిస్తున్నారు. బాలింత మాత్రం లోపలి గదిలో దిండుకు ఆనుకుని ఒక్కతే కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, పాప సంగతి సరేగాని నువ్వెలా ఉన్నావమ్మా, మనసు ఎలా ఉంది అని అడిగాను. ఆ పిల్ల ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి నవ్వేసి, నిద్ర తప్ప అన్నీ బాగానే ఉన్నాయి ఆంటీ, ఆకలి మాత్రం రాక్షసిలా వేస్తోంది అంది. ఆ నవ్వు కళ్ళదాకా వచ్చిన నవ్వు. నా మనసు కుదుటపడింది. వచ్చేస్తుంటే వాళ్ళమ్మ గుమ్మం దాకా వచ్చి, అందరూ పాప బరువెంత అని అడిగారు గాని దాని మనసు గురించి అడిగింది మీరొక్కరే వదినగారూ, మీకెలా తోచింది అంది. ఏదో చెప్పి వచ్చేశాను గాని, ఆ మధ్యాహ్నమంతా నాకు మరో పని చేతికి ఎక్కలేదు. అలా అడగడం నాకు నేర్పిన మనిషి కళ్ళముందు నిలబడిపోయింది.

ఆవిడ గురించి చెప్పాలంటే మేడ్చల్ అంటే ఇప్పుడు మనకు కనబడే ఫ్లైఓవర్లూ గేటెడ్ కాలనీలూ కాసేపు పక్కన పెట్టాలి. నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఇటు మేడ్చల్ నుంచి అటు శామీర్‌పేట దాకా ఎటు చూసినా ద్రాక్షతోటలే. రాతి కడీలు పాతి, వాటిమీద తీగలు లాగి, ఆ తీగలమీద ద్రాక్షను పాకించేవాళ్ళు. మనిషి ఎత్తున ఆకుపచ్చని పందిరి. ఎండాకాలం ముందు రోజుల్లో పొడుగ్గా, లేతపచ్చగా ఉండే అనాబ్ షాహీ గుత్తులు తలకు తగిలేలా వేలాడుతుండేవి. గింజలున్నా ఆ కాయల రుచి వేరు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మావారికి జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో కుత్బుల్లాపూర్‌లో కార్మికుల ఇళ్ళ మధ్య ఒక గదిలో ఉన్నాం. ఆ గాలిలో వచ్చే మందువాసన నాకు పడక, వేవిళ్ళు మొదలయ్యేసరికి అసలే ఉండలేక, మావారు వెతికి వెతికి మేడ్చల్ ఊరి చివర ఒక రైతుకుటుంబం వాళ్ళ ఇంటి పక్క వాటాలో రెండు గదులు చూశారు. పెరటి తలుపు తీస్తే వాళ్ళ ద్రాక్షతోట. ఆ ఇంటి యజమానురాలే నేను చెప్పబోయే మనిషి.

ఆయన, అంటే ఇంటాయన, ఊరి రాజకీయాల్లో తిరుగుతూ ఇంటిపట్టున ఉండేవారు కాదు. తోటా పనివాళ్ళూ పశువులూ కోడళ్ళూ అంతా ఆవిడ చేతిమీదే నడిచేది. ఎత్తయిన మనిషి, గోచీ పోసి కట్టిన చీర, కాళ్ళకు వెండి కడియాలు, ఊరవతలి వాళ్ళకు కూడా వినబడే గొంతు. మొదటివారం ఆ గొంతు విని నేను, అయ్యో ఎవరిని తిడుతోందో పాపం అనుకునేదాన్ని. తీరా చూస్తే కోడలిని అన్నం తినమని బతిమాలుతూ ఉండేది. నేను ఏమండీ అని పిలిస్తే, "అండీ గిండీ ఏంది? పెద్దమ్మ అను" అంది. అప్పటినుంచి పెద్దమ్మే. ఆవిడ "సల్ల దాగుతవా బిడ్డా" అంటే చల్లగా ఏం తాగమంటుందో అర్థం కాక నిలబడిపోయాను. చెంబెడు మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టింది. ఒకే భాష మాట్లాడే మనుషులమే అయినా, మా ఇద్దరికీ మాట కుదరడానికి కొన్నాళ్ళు పట్టింది.

పురిటికి పుట్టింటికి వెళ్ళాను. బాబు పుట్టాడు. అందరూ సంతోషించారు. మా నాన్నగారికి అప్పటికే పక్షవాతం వచ్చి మంచాన ఉన్నారు కాబట్టి అమ్మ నన్ను ఎక్కువకాలం ఉంచుకోలేకపోయింది. మూడో నెలలో నన్నూ బాబునూ తెచ్చి దిగబెట్టి, కళ్ళు తుడుచుకుంటూ రైలెక్కింది. మావారు మెత్తని మనిషి, బాబును ఎత్తుకుని ఊరంతా తిప్పాలని సరదా. కాని షిఫ్టుల ఉద్యోగం. ఆయన పగలు పడుకునే వారాల్లో బాబు ఏడవకుండా చూడడమే నాకు పెద్ద పని.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను. మొదట నిద్ర పోయింది. బాబు నిద్రపోయినా నాకు రెప్ప పడేది కాదు. తర్వాత ఆకలి పోయింది. పాలిస్తూ వాడి ముఖంలోకి చూస్తే ఎవరి పిల్లాడినో నాకిచ్చి వెళ్ళినట్టుండేది. పాలు పట్టడం, తుడవడం, పడుకోబెట్టడం అన్నీ చేసేదాన్ని, లోపల మాత్రం ఏమీ కదిలేది కాదు. ఇంత చక్కని బిడ్డను పెట్టుకుని ఏడ్చే తల్లి ఉంటుందా అని నన్ను నేనే అసహ్యించుకునేదాన్ని. మా అత్తగారు వచ్చి నాలుగు రోజులుండి, మేం కనలేదా, మేం పెంచలేదా అని, ఆవిడకు తెలిసినంతలో ధైర్యం చెప్పి వెళ్ళారు. మావారు బలానికి టానిక్కు తెచ్చారు. ఎవరొచ్చినా బాబు ఎలా ఉన్నాడనే అడిగేవాళ్ళు. బాగున్నాడనేదాన్ని. నిజంగానే వాడు బాగున్నాడు మరి.

ఒకరోజు పొద్దెక్కాక పెద్దమ్మ వచ్చింది. చేతిలో జొన్నరొట్టెలు, గిన్నెలో పచ్చిపులుసు. వచ్చి కింద చతికిలబడి, బాబును తీసుకుని ఒళ్ళో వేసుకుంది గాని వాడివంక చూడలేదు. నన్నే చూసింది.

"వానికేంది, మంచిగున్నడు. నువ్వెట్లున్నవ్?"

"బాగానే ఉన్నాను పెద్దమ్మా."

"బాగున్నోళ్ళ బట్టలు దండెం మీద కనవడ్తయి. మీ దండెం మీద పిలగాని గుడ్డలే ఆరుతున్నయి, మీ ఆయన అంగీలే ఆరుతున్నయి. నీ సీరె ఏది?"

ఎన్నాళ్ళనుంచి ఒకే చీరలో ఉన్నానో నాకే గుర్తులేదు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. నీళ్ళు కాచి, నా తల తనే రుద్ది, బీరువాలోంచి చేతికందిన చీర తీసి కట్టించి, రొట్టె తుంచి నోట్లో పెట్టింది. ఎందుకు ఏడుస్తున్నావని గాని, ఏడవద్దని గాని అనలేదు. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏదో పని వెంట తెచ్చుకునేది, ఒకసారి చిక్కుడుకాయలు, ఒకసారి చింతపండు. అవి ఒలుచుకుంటూ కూర్చునేది. నేను మాట్లాడితే వినేది, మాట్లాడకపోతే తన కోడళ్ళమీద చాడీలు చెప్పేది.

కొన్నాళ్ళకు, ఇంట్లో గోడలను చూసి చూసి పిచ్చెక్కుతది పా అని నన్ను తోటలోకి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. రెండు కడీల మధ్య పాతచీరతో ఉయ్యాల కట్టి బాబును వేసేది. నాకు గోనెసంచి పరిచి, చిన్న కత్తెర ఒకటి చేతికిచ్చి, ఒత్తుగా ఉన్న గుత్తుల్లోంచి పిందెలు ఎలా తీసేయాలో చూపించింది. అలా తీస్తేనే మిగిలిన కాయ ఊరుతుందట. నేను ఒక గుత్తి తీసేలోపల పక్కన ఆడవాళ్ళు ఒక వరస ముగించేవాళ్ళు. ఎవరూ నవ్వలేదు. ఆకుల్లోంచి దిగే ఆ పచ్చటి వెలుగులో కూర్చున్నంతసేపూ కొంచెం ఊపిరి ఆడేది. ఇంటికి వస్తే మళ్ళీ అంతే.

తోట మధ్యలో మోటారు బావి ఒకటుండేది. ఒక పొద్దున, మావారు డ్యూటీకి వెళ్ళాక, బాబును ఉయ్యాలలో పడుకోబెట్టి నేను లేచి అటువైపు నడిచాను. ఎందుకు నడిచానో ఇక్కడ రాయడం నాకు ఇప్పటికీ కష్టమే, చదివేవాళ్ళకు అర్థమవుతుంది. పెద్దమ్మ దూరంనుంచి చూసింది. కేకవేయలేదు, పరుగెత్తుకురాలేదు. మామూలుగా నడిచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, బావికి ఎడంగా ఉన్న గట్టుమీద కూర్చోబెట్టి తనూ కూర్చుంది. ఆ పెద్ద గొంతు ఇంత చిన్నది కాగలదని నేననుకోలేదు.

"బిడ్డా, సచ్చిపోవాలనిపిస్తాందా?"

ఆ మాట ఎవరూ నోటితో అనకూడదని వింటూ పెరిగినదాన్ని. లోపల మాత్రం పగలూ రాత్రీ అదే మాట తిరుగుతుండేది. ఇంకొక మనిషి దాన్ని ఇలా, ఆకలేస్తోందా అని అడిగినట్టు అడిగేసరికి, గుండెలో ఎక్కడో బిగుసుకుపోయిన ముడి తెగినట్టయింది. అవునన్నాను. అని, ఆవిడ భుజంమీద పడి ఏడ్చాను.

నీ కొడుకును చూసి బతకమని ఆవిడ అనలేదు. దేవుడి మీద భారం వెయ్యమనలేదు. ఇలాంటి మాట అనడానికి సిగ్గులేదా అననూలేదు. నా వీపు నిమురుతూ, "ఎప్పటిసంది?" అని ఒక్కటే అడిగింది. చెప్పాను. అంతా విని, "మస్తు మోసినవ్ ఒక్కదానివే. ఇగ మోయకు. ఇయ్యాల్టి నుంచి నువ్వు ఒక్కదానివి ఉండేది లేదు, గంతే" అంది.

ఆ మధ్యాహ్నం మావారు వచ్చేదాకా మా గుమ్మంలోనే కూర్చుంది. ఆయన చెప్పులు విప్పకముందే విషయం చెప్పింది. ఆయన తెల్లబోయి, ఈమెకు జ్వరం అదీ ఏం లేదే, మొన్న టానిక్కు కూడా తెచ్చానే అన్నారు.

"జరమొస్తేనే రోగమా కొడుకా? పిల్ల లోపల్లోపల కాలిపోతాంది. రేపు నువ్వు డూటీకి పోకు. దవాఖానకు పోదాం, నేను గూడ వస్త."

అన్నట్టే వచ్చింది. పట్నం వెళ్ళే బస్సులో బాబును ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరు ఓపిగ్గా అన్నీ అడిగి, కాన్పు తర్వాత కొందరు తల్లులకు ఇలా వస్తుందమ్మా, ఇది నీ తప్పు కాదు, మందులున్నాయి, తగ్గుతుంది అని చెప్పింది. ఇది నీ తప్పు కాదు అన్న ఆ మాటకు నేను ఏడుస్తుంటే, పెద్దమ్మ డాక్టరమ్మతో, "గా మాట ఇంకోపారి గట్టిగ జెప్పు అమ్మా, మా పిల్లకు సరిగ్గ ఇనవడాలె" అంది. డాక్టరు నవ్వి మళ్ళీ చెప్పింది.

మందులు పనిచేయడానికి వారాలు పడతాయన్నారు. ఆ వారాలు నన్ను దాటించింది ఆవిడే. మావారికి రాత్రి షిఫ్టు ఉన్న రోజుల్లో తన చిన్నకోడలిని మా ఇంట్లో పడుకోమని పంపేది. పగలు తోటలోనో, తన వంటింట్లోనో నన్ను కళ్ళెదుటే ఉంచుకునేది. ఊళ్ళో ఒకరిద్దరు, ఆంధ్రా పిల్లకు గాలి సోకింది, ఫలానా ఆయన దగ్గర తాయెత్తు కట్టిస్తే పోతుంది అంటే, ఆవిడ నలుగురి మధ్యా నిలబడి తన అసలు గొంతుతో, "బాలింతకు పానం బాగలేదు, దవాఖానల సూపిచ్చినం, మందులేస్తున్నం. మీ ఇండ్లల్ల ఎవ్వరికీ ఎన్నడూ పానం బాగలేకుంట కాలేదా?" అంది. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అంతకన్నా విశేషమేమిటంటే, ఆ వారంలోనే పక్కవీధి నుంచి ఒకావిడ ఎవరూ లేని వేళ చూసి పెద్దమ్మ దగ్గరకు వచ్చి, తన కూతురు కూడా ఇలాగే ఉంటోందని చెప్పుకుంది. ఆ తల్లీకూతుళ్ళు కలిసి అదే ఆసుపత్రికి వెళ్ళారు.

నాకు నయమవుతోందని నాకంటే ముందు కనిపెట్టింది కూడా ఆవిడే. ఒకరోజు పచ్చిపులుసు పోసుకుని ఒక ముద్ద తిని, అబ్బ, కారం చాలా ఎక్కువైంది పెద్దమ్మా, మీరు మిరపకాయలు లెక్క లేకుండా వేస్తారు అన్నాను. ఆవిడ గరిటె కింద పెట్టేసి, లోపలున్న కోడళ్ళను కేకవేసి పిలిచి, "ఇన్నారే, బిడ్డకు నోరొచ్చింది! నా వంటకు వంక వెడ్తాంది!" అని పకపకా నవ్వింది. నెలల తర్వాత నేనూ నవ్వాను. ఆ సాయంత్రం బాబుకు పాలిస్తుంటే వాడు నా వేలు పట్టుకుని వదల్లేదు. వాడి చేయి వెచ్చగా ఉందని నాకు తెలిసింది. ఎవరి పిల్లాడో కాదు, నా పిల్లాడేనని తెలిసింది.

శ్రీరామనవమికి దేవరయాంజాల్ సీతారాముల కల్యాణానికి మమ్మల్ని తన బండిలో తీసుకెళ్ళింది. గుడి మండపంలో పానకం తాగుతూ కూర్చున్నప్పుడు, అలా అడగాలని మీకెలా తెలిసింది పెద్దమ్మా అన్నాను. ఆవిడ జనాన్ని చూస్తూ చెప్పింది.

"మా అత్త ఎసొంటిదో నీకెర్కలేదు బిడ్డా. ఆమె వాకిట్లకొస్తే పసులు గూడ ఒదిగి నిలవడేటియి. నా రెండో కాన్పు అయినంక నేను గూడ గిట్లనే అయిన. పిల్లను ముట్టబుద్ధి గాకపోవు, బువ్వ దినబుద్ధి గాకపోవు. ఎవ్వరికి జెప్త? సిగ్గు. ఒకనాడు గామె పొయ్యికాడ నా పక్కకొచ్చి కూసొని, పొయ్యిల మంట జూస్కుంటనే, సావాలనిపిస్తాందా పిల్లా అన్నది. నేను బెదిరిన. జెప్పు, నిన్నేం తిట్ట అన్నది. గంతే. ఇగ నేను మంచిగయ్యేదాంక నన్ను ఒక్క గడియ ఇడ్సిపెట్టలే. నన్ను తిట్టని దినాలు గవ్వే, ఎర్కేనా!"

అని నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఊరంతా భయపడిన ఆ ముసలావిడను నేను చూడలేదు, కాని పానకం గ్లాసు పట్టుకుని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఆ ఇంట్లో చాలా ఏళ్ళు ఉన్నాం. మాకు పాప పుట్టినప్పుడు మావారూ నేనూ ముందే డాక్టరుతో మాట్లాడుకున్నాం, పెద్దమ్మ పగలంతా కాపలా కాసింది, ఆసారి ఏమీ కాలేదు. తర్వాత ఊరికి ఇవతల కొత్త కాలనీలో సొంతిల్లు కట్టుకుని వచ్చేశాం. ఆ తర్వాత తోటలకు రోజులు బాగాలేకుండా పోయాయి. బోర్లు ఎండిపోయాయి, తెగుళ్ళు వచ్చాయి, ఒక్కొక్క తోటా ప్లాట్లయిపోయింది. ఆవిడ కొడుకులు కూడా తమ తోట తీయించేశారు. కడీలు పీకి లారీలకెత్తుతున్నారని విని నేను వెళ్ళాను. ఆవిడ వసారాలో గోడకానుకుని కూర్చుని ఉంది. అంత గొంతూ ఏమైపోయిందో, నన్ను చూసి రా అని కూడా అనలేదు. పక్కన కూర్చుని, పెద్దమ్మా, నువ్వెట్లున్నవ్ అని అడిగాను. అంతకాలం మీరు అన్నదాన్ని, ఆ పూట నువ్వు అన్నాను.

"బాగలేను బిడ్డా. కండ్లు మూస్తే పందిరే కనవడ్తాంది. కొడుకులకు జెప్పలే, పాపం ఆళ్ళు మాత్రం ఏం జేస్తరు. నువ్వడిగినవని జెప్తున్న."

ఆవిడ మీద నాకున్న గౌరవమంతా ఒక ఎత్తు, ఆ పూట ఆ మాట అనగలిగినందుకు కలిగిన గౌరవం ఒక ఎత్తు. ఇంటినీ ఊరినీ నిలబెట్టిన మనిషి, బాగాలేనని చెప్పడానికి వెనుకాడలేదు. బాగానే ఉన్నానని నేను ఆవిడతో ఎన్నిసార్లు అబద్ధమాడానో! ఆ మధ్యాహ్నమంతా ఒక్కొక్క వరస పేరునా తోట కథ చెప్పుకుంటూ పోయింది, ఏ వరస ఏ ఏడు వేసిందో, ఏ మూల మట్టి తీపో. నేను విన్నాను. అలా వారం వారం వెళ్ళి వింటూ వచ్చాను. నెమ్మదిగా తేరుకుంది. మునిమనవలను తిట్టేంతగా తేరుకుని, ఇంకా చాలా ఏళ్ళు బతికి, నిండుగా వెళ్ళిపోయింది. ఆవిడ పాడె మోసినవాళ్ళలో మా అబ్బాయి కూడా ఉన్నాడు.

ఇప్పుడు ఈ చుట్టుపక్కల మనసు బాగుచేసే డాక్టర్లకు కొదవలేదు, పిల్లలు ఆ జబ్బుల పేర్లు మొహమాటం లేకుండా పలుకుతున్నారు, తాయెత్తులమాట ఎత్తేవాళ్ళు తగ్గారు. ఇదంతా మంచికే, పాతకాలమే గొప్పదని నేననను. ఆ కాలంలో అలాంటి ఒక మనిషి పక్కింట్లో ఉండడం నా అదృష్టం, అందరికీ దొరికిన అదృష్టం కాదు. కాని ఒక్కటి మాత్రం వెలితిగానే ఉంది. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళాలన్నా ముందు ఫోన్ చేసి, వీలు కనుక్కుని, ఆదివారమా శనివారమా అని చూసుకుని వెళ్తాం. అది మర్యాదే. కాని మనం వెళ్ళే వేళకు లోపలివాళ్ళు ముఖం కడుక్కుని, ఇల్లు సర్దుకుని, ఒక నవ్వు కూడా సిద్ధం చేసుకుని తలుపు తీస్తారు. ఆ నవ్వును చూసి, బాగున్నారులే అనుకుని మనం తిరిగొచ్చేస్తాం. పెద్దమ్మ ఎవరికీ ఆ వ్యవధి ఇచ్చేది కాదు. చిక్కుడుకాయల చేటతో చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చి కూర్చునేది, మనం ఉన్నది ఉన్నట్టు కనబడేదాకా లేచేది కాదు. ఈ వయసులో నాకూ ఏ పూటైనా ఎందుకో దిగులుగా ఉన్నప్పుడు, తలుపు గడియ తీసే ఉంచి కూర్చుంటాను.